మరకలకూ బొట్టుకూ నడుమ

మా ఎదురింటి చెల్లె ఇక లేదన్న వార్త మొన్న ఉదయం, సంధ్యావందనం ముగించి లేస్తుండగా చెవినపడింది. తోడబుట్టినది కాదు, నాందేడ్‌లోని ఒక కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలు. వీధి పిల్లలకు ‘బాయి’, మరాఠీలో పంతులమ్మ. నాకు చెల్లె.

ఏది చూసినా కొలతలోకి దించడం ఆమె అలవాటు. మా ఇంట నా భార్యతో కలిసి కందిపప్పు ఏరుతూ కూడా, “రాయిని నువ్వు కంటితోని వడ్తవు వదినె. మిషన్‌కైతే దాని సైజు, గుండ్రదనం, రంగు అన్నీ చెప్పాలె” అనేది. చిత్రంలోని వస్తువులను వాటి లక్షణాలనుబట్టి విడదీయడమే ఆమె బోధించిన విద్య.

మా అమ్మది ఒకే ఒక్క ఛాయాచిత్రం, నలుపు తెలుపులది. అద్దం లేని ఆ పటానికి పండుగ పండుగకూ మాహూర్ అమ్మవారి కుంకుమ పెట్టాము. భక్తి పేరుకుని ముఖం మరకల వెనక్కి పోయింది. నా జ్ఞాపకంలోనూ ఆ రూపం మసకబారుతున్న రోజులవి. చెల్లె పటాన్ని స్కానర్‌పై ఉంచి, మరకల వైశాల్యమూ గుండ్రదనమూ కొలిచి, ఆ కొలతకు ఒదిగినవన్నీ తొలగించింది. తెరపై అమ్మ వచ్చింది. నుదురు మాత్రం బోసిగా ఉన్నది.

“అయ్యో, అత్తమ్మ బొట్టేది? ముత్తైదువగ వోయిన మనిషి!” నా భార్య తెర దగ్గరికి వంగింది.

“మిషన్‌కేమెరుక వదినె? గుండ్రంగ కనవడ్డదల్ల మరకే అనుకున్నది.”

“లక్షణం సరిగ చెప్పకుంటె పక్కదాన్ని గూడ వట్టుకుంటది,” అన్నాను. “తర్కంల దీన్ని అతివ్యాప్తి అంటరు చెల్లె.”

“ఏందన్నా, నా తప్పుకు గూడ సంస్కృతం పేరు వెట్టినవా!” అని పకపకా నవ్వింది. “పటం నలుపు తెలుపుదని స్కాన్ గూడ గట్లనే చేసిన. ఎర్రదనం కొలవలే. ఆగు, మల్ల రంగుల తీస్త.”

కుంకుమ ఎర్రనిది, అమ్మ బొట్టు నల్లనిది. ఆ ఒక్క కొలత చేరగానే రెండూ విడిపోయాయి. తరువాత తన తరగతిలో మరాఠీ పిల్లలచేత ‘అతివ్యాప్తి’ అని పలికించానని మురిసిపోతూ చెప్పింది.

ఇప్పుడు ఆమెను తలచుకోబోతే లక్షణాలు చాలడం లేదు. పొట్టి మనిషి, బొంగురు గొంతు, గబగబ నడక. ఇవన్నీ కూర్చినా ఆమెలో అధికభాగం వెలుపలే మిగులుతున్నది. దీనిని అవ్యాప్తి అంటారని చెప్పాలనిపిస్తుంది. వినడానికి ఎదురింట ఎవరూ లేరు.

అమ్మ బొట్టు తిరిగి దొరికిన ఆనాటి సాయంకాలం ప్రింటర్ నుంచి కాగితం మెల్లమెల్లగా దిగింది. మొదట పాపట, పిదప నల్లని బొట్టు, ఆపైన కళ్ళు. చెల్లె రెండు అరచేతులూ చాచి, సిరా ఆరేదాకా అమ్మను అలాగే పట్టుకుని నిలుచున్నది.