నాలుక చూసే ఆయమ్మ

పుట్టిన బిడ్డను తుడిచి, టోపీ పెట్టి, ముక్కు తప్ప ఏమీ కనపడకుండా గుడ్డ చుట్టడం ఆయమ్మకు ఇరవయ్యేళ్ల అలవాటు. ఆమెలా బిగువుగా ఎవరూ చుట్టలేరని కాన్పుల గదిలో పేరు. ఇప్పుడు గుడ్డ పక్కన పెడుతుంది. వెచ్చటి దీపం కింద బిడ్డను పడుకోబెట్టి, ఏడ్చేదాకా ఆగి, నోట్లోకి చూస్తుంది.

కిందటేడు సొంత మనవణ్ణీ ఆ చేతులతోనే చుట్టింది. పెదాలు నీలంగా ఉంటే "చలికిలే" అని ఇంకో గుడ్డ కప్పింది. నాలుగో రోజు పాలు తాగుతూ తాగుతూనే పిల్లవాడు పోయాడు. పుట్టుకతోనే గుండెలో లోపం, చెడురక్తం మంచిరక్తంలో కలిసిపోయిందని తరవాత చెప్పారు. కూతురు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయమ్మను తినేస్తోంది.

ఈ ఏడు ఒక పొద్దున కాన్పుల గదిలో ఆడపిల్ల పుట్టింది. అరగంట గడిచినా నాలుక నేరేడుపండు తిన్న రంగులోనే ఉంది.

"ఇంకా చుట్టలేదా? బయట నాయనమ్మ తలుపు విరగ్గొట్టేలా ఉంది," అంది సిస్టరు.

"నాలుక నీలంగా ఉంది, సిస్టరమ్మా."

"అప్పుడే పుట్టినవాళ్లకి చేతులూ కాళ్లూ అలాగే ఉంటాయి. నాకు పాఠం చెప్తావా?"

"చేతులు కాదమ్మా, నాలుక. రక్తంలో గాలి కొలిచే మిషను పెట్టించండి."

"అది పైన ఆపరేషన్ గదిది. నువ్వు చూసే ప్రతి నాలుకకీ దింపితే ఇక దాని కాపురం మెట్లమీదే."

కాన్పు బల్లమీది తల్లి భయంగా తలెత్తింది. తలుపు సందులోంచి నాయనమ్మ అందుకుంది. "మావాళ్లంతా చామనఛాయే. రంగుకి వంక పెట్టకుండా పిల్లనివ్వు, తల్లీ."

"ఇవ్వను. చుట్టను కూడా," అంది ఆయమ్మ. "రేపట్నుంచి పనిలోకి రావద్దంటే మానేస్తాను. ఇవాళ మాత్రం మిషను దిగాలి."

ఆమెది చాదస్తమని తేల్చడానికే సిస్టరు విసవిసా వెళ్లి మిషను తెచ్చింది. పాదానికి క్లిప్పు తగిలించింది. తొంభై అయిదు ఉండాల్సిన చోట డెబ్బై రెండు. ఆక్సిజన్ పెట్టినా అంకె కదల్లేదు. సిస్టరు వెంటనే డాక్టరుకి ఫోను చేసింది.

ఆయన వచ్చి చూసి, "గుండెదే అనిపిస్తోంది. పిల్లల గుండె ఆస్పత్రికి ఇప్పుడే పంపాలి. దీనికి ఆపరేషన్ ఉందమ్మా, టైముకి బయటపడింది," అన్నాడు. గంటలో బండి కదిలింది. నాయనమ్మ బండెక్కుతూ ఆయమ్మ చెయ్యి పట్టుకుంది. ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

సిస్టరు ఆయమ్మ మొహం చూడకుండా, "మిషను పైన ఇచ్చిరా," అంది.

"పైన ఇంకోటి ఉందిగా."

"పైవాళ్లు అడుగుతారు."

"అడగనీండి, నేను చెప్తాను."

పక్క మంచంమీద ఇంకొకామె మూలగడం మొదలుపెట్టింది. ఆయమ్మ మిషను తుడిచి, వెచ్చటి దీపం పక్కన చేతికందేలా పెట్టి, ఆమె దగ్గరికి వెళ్లింది. మెట్లవైపు మాత్రం వెళ్లలేదు.