తునికాకు మీది తడిబట్ట

మా కోడలిది సిరిసిల్ల. కోరుట్లలో మా ఇంటికి వచ్చినప్పుడు ముఖం తేటగా ఉండేది. కొడుకు దుబాయి పోయిన మూడేళ్లలో రెండు చెంపల మీద నల్లగా మంగు పాకింది. వీడియో కాల్ వస్తే ముఖం సగమే చూపించేది.

ఒకనాడు కొడుకు, "అచ్చే నెల సెలవు దొరికింది" అన్నాడు. ఫోన్ పెట్టగానే కోడలికి దిగులు పట్టుకుంది.

"గీ మొకంతోని ఎట్ల ఎదురువోవాలె అత్తమ్మా?"

"వాడు నీ మొకం చూసేతందుకు అస్తుండా? నా తలకాయకూర తినేతందుకు అస్తుండు."

"నీకు కూర ఉన్నది. నాకేమున్నది?" అంది.

బస్టాండు దగ్గరి పార్లర్‌లో ఏదో మందు పూసి పై పొర తీస్తారని విని, వెళ్లి చేయించుకుంది. ఆ పని డాక్టరు చేయాల్సిందని మాకు తెలియదు. వారం దాకా ఎండ తగలనీయొద్దు, ముఖానికి ఏమీ పెట్టొద్దు అని మాత్రం చెప్పి పంపిందట పార్లరామె.

సాయంత్రానికి ముఖం మంటలెత్తింది. మేమిద్దరం బీడీలు చేస్తాం. ఆకు ఎండి విరిగిపోకుండా తునికాకు కట్టల మీద తడిబట్ట కప్పి ఉంచుతాం. ఇంట్లో అంతకంటే చల్లనిది లేదు. ఆ బట్టే తీసి ఆమె ముఖం మీద పరిచాను.

"ఏం పెట్టద్దన్నది అత్తమ్మా."

"సల్లటి బట్టకేమైతది, ఊకో."

రోజూ తంబాకు చేతులతో పిండే బట్ట అది.

రెండు రోజులకు పొక్కులు లేచి చీము పట్టింది. జగిత్యాల తీసుకుపోయాను. "మందుతోని తోలు కాలింది. దాని మీద ఏం పెట్టిన్రు?" అని అడిగాడు చర్మం డాక్టరు. నేను నోరు తెరిచేలోపే కోడలు, "నేనే గోకిన సార్" అంది. పుండ్లు మానుతాయి, మచ్చలు పోతాయని మాత్రం చెప్పలేనన్నాడు.

కొడుకు వచ్చాడు. కట్టే బిల్డింగుల మీద ఎండలో ఇనుప చువ్వలు కట్టి కట్టి వాడి ముఖమే మాడిపోయి ఉంది. ఆమె ముఖం మీది కొంగు రెండో రోజు వాడే తొలగించి చూశాడు.

"నాకోసమేనా?" అన్నాడు.

అప్పుడైనా ఆమె బట్ట సంగతి చెప్పలేదు. నేను చెప్పాల్సింది. కూర కలుపుతూ ఉండిపోయాను. సెలవు అయిపోయింది, వాడు వెళ్లిపోయాడు.

అక్షరాలు ఈ మధ్యే నేర్చుకున్నాను. ఇక్కడ రాయగలిగిన మాట వాడికి రాయలేకపోయాను. వాడు ఫోన్ చేస్తే ఆమె ఇప్పుడు కెమెరాను బీడీల చాట వైపు తిప్పి మాట్లాడుతుంది. వాడికి ఆమె చేతులు కనిపిస్తాయి, పక్కన నావి కూడా.