కుళాయి పక్కన మడత కుర్చీ

నా చిన్నప్పుడు, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని మా స్కూల్ మైదానంలో విజిల్ మోగగానే చేతిలో జెండాతో అందరికంటే ముందు పరిగెత్తాను. తీరా చేరేసరికి, నేను మనసులో అనుకున్న చోటే, కుళాయి పక్కన, మా పక్కింటి ఆంటీ మడత కుర్చీ వేసుకుని శాండ్‌విచ్ తింటోంది.

అది మా స్కూల్లో ఏటా జరిగే ఆట. ఒకప్పుడు ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ఖాళీ నేలగా చూపించి, తుపాకీ పేలగానే పరిగెత్తి ఎవరికి దొరికింది వాళ్లు తీసుకోమని వలస వచ్చినవాళ్లను వదిలింది. దాని గుర్తుగా మైదానంలో సున్నంతో గళ్లు గీసేవారు. జెండా ఎవరు పాతితే గడి వాళ్లది. అమ్మ పాత వాయిల్ చీర చింపి నాకు ఆ కాలపు టోపీ కుట్టింది. మేము ఆ దేశం వచ్చి ఏడాది తిరగలేదు. ఆ ఒక్క రోజైనా అందరిలో ఒకదాన్ని కావాలని నా ఆరాటం.

ఆంటీ వాళ్లు ఆ దేశపు ఆదివాసులు. ఆమె పూర్వీకులను ఎక్కడో తూర్పు నుంచి తరిమి ఇక్కడికి తెచ్చారు. ఇక కదిలించబోమని మాటిచ్చి, ఆ నేలనూ లాక్కున్నారు. ఈ ఆట ఆపమని ఆమె ఎన్నిసార్లు అడిగినా, పిల్లల సరదాయే కదా అని స్కూలువాళ్లు కొట్టిపారేశారు. ఆ పొద్దున కంచె దగ్గర నా జెండా చూసి, ఎక్కడ పాతుతావని అడిగింది. కుళాయి పక్కన అన్నాను.

"అక్కడెవరూ లేరా?"

"లేరాంటీ, ఖాళీయే."

"సరే, చూద్దాం," అంది.

ఇప్పుడు ఆమె శాండ్‌విచ్ పక్కన పెట్టి, తాపీగా నా వైపు చూసింది.

"పాతేయ్. నేను లేననుకో. ఆట అదేగా!"

నా చెయ్యి లేవలేదు. వెనకనుంచి కుర్రాళ్లు "కమాన్, పాతెయ్!" అని అరుస్తున్నారు. టీచర్ పరిగెత్తుకొచ్చి, కాస్త లేవండి, పిల్లలు ఏడుస్తారు అంది. ఆంటీ కదల్లేదు. చూడ్డానికొచ్చిన మా నాయనమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గీతలు దాటి వచ్చింది.

"ఏమంటున్నారే?"

"ఇది ఆంటీ వాళ్ల నేలంట. లేవమంటున్నారు."

"ముందు నుంచీ ఉన్న మనిషి ఎందుకు లేస్తుంది? దానికి చెప్పు," అంటూ టీచర్ వైపు చెయ్యి చూపి, ఆంటీ పక్కనే గడ్డి మీద చతికిలబడింది.

దూరం నుంచి నాన్న, మనకెందుకమ్మా ఈ గొడవ, వచ్చెయ్ అని పిలుస్తూనే ఉన్నాడు. నేను టోపీ తీసి నాయనమ్మ ఒళ్లో పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను. ఆ గడిలో ఆ రోజు ఏ జెండా దిగలేదు.

తరవాత పత్రికల్లో పనిచేసినన్నాళ్లూ, ఎవరైనా ఖాళీ స్థలం అంటే, ముందు అక్కడ ఎవరుండేవారో కనుక్కోకుండా ఒక్క వాక్యం రాయలేదు. ఆ స్కూల్లో పరుగు ఆగిపోయింది. నేల మాత్రం ఇంకా స్కూలుదే. అది తిరిగి ఇమ్మని ఆంటీ మనవరాలు ఏటా స్కూల్ బోర్డు మీటింగ్‌లో లేచి అడుగుతుంది. నేను ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాను. బోర్డు ఇంతవరకు జవాబివ్వలేదు.