ఫోన్ చెయ్యని రైతు

జమీలా మేడం ఇక లేరన్న వార్త నాకు మిర్చి ఘాటు మధ్య అందింది. పరీక్షకు వచ్చిన కాయల్ని పొడి కొట్టే గదిలో ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాను. నాతోపాటు పరీక్షలు చేసే శ్రీను తలుపు తోసుకుని వచ్చి, "మేడం పోయారంట అక్కా" అన్నాడు. ఆ గదిలో ఎవరి కళ్ళ వెంటైనా నీళ్ళు కారుతూనే ఉంటాయి కనుక నేను ఏడుస్తున్న సంగతి నాకే కాసేపు తెలియలేదు. గుండెకు ఆపరేషనని ఆస్పత్రిలో చేరిన మనిషి, పది రోజుల్లో వచ్చి మమ్మల్ని మళ్ళీ తిడతారనే అందరం అనుకున్నాం. ఆ తిట్లు ఇక లేవన్న మాట ఇప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు.

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో ఉన్న మా పరీక్షాశాలకు ఆమె నాణ్యతా విభాగాధిపతి. నల్లపాడులో పుట్టి, రసాయన శాస్త్రం చదివి, ఉద్యోగ జీవితమంతా ఈ ఎర్రటి ధూళిలోనే గడిపిన విదుషీమణి. రైతులూ వ్యాపారులూ తెచ్చే కాయల్లో పురుగుమందు అవశేషాలు ఉన్నాయా, బూజు వల్ల పుట్టే విషం ఉందా అని చూడడం మా పని. మేం సరిగా చూశామా లేదా అని చూడడం ఆమె పని. ఈ రెండో పనికి లోకంలో మర్యాద తక్కువ. "అత్తగారి ఉద్యోగం నాది శారదా. కూర బాగుంటే కోడలి చేతి మహిమ, బాగాలేదంటే నా నస" అని నవ్వేవారు.

ఆ నసకు ఆమె పెట్టిన పేరు 'బోణీ'. పొద్దున్నే మిషను ఆన్ చేయగానే రైతు కాయల్ని ముట్టుకోకూడదు. ఎంత విషం ఉందో ముందే తెలిసిన పొడి ఒకటి మా దగ్గర ఉంటుంది. మొదట దాన్ని పరీక్షించాలి. మిషను ఆ తెలిసిన అంకె చెబితేనే ఆ రోజు పని మొదలు. చెప్పకపోతే, బయట ఎంతమంది నిలబడి ఉన్నా సరే, మిషను బాగయ్యేదాకా తలుపులు మూసుకోవలసిందే. కొట్టువాడు బోణీ కాకుండా అప్పివ్వడు కదా, మనం బోణీ కాకుండా మాట ఇవ్వకూడదని ఆమె సిద్ధాంతం. ల్యాబులోకి అడుగుపెడుతూనే "బోణీ అయిందా?" అని ఆమె వేసే కేక గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా వినిపించేది.

రైతుల మర్యాదతో ఆమె పడిన అవస్థ మాత్రం అంతా ఇంతా కాదు. పరీక్షకు మచ్చు తెమ్మంటే మన రైతు ఉన్న వాటిలో నిగనిగలాడే కాయలు ఏరి, తుడిచి, కొత్త తువ్వాల్లో మూటకట్టి తెస్తాడు. అది మోసం కాదు, గౌరవం. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను ఆమె నిలదీశారు. "ఇవి ఏరి తెచ్చారా అన్నా?"

"ఏరకుండా ఎట్టా తెస్తామమ్మా, పరీక్షకి! పెళ్ళిచూపులకి పిల్లను ముస్తాబు చెయ్యకుండా కూర్చోబెడతామా?"

"నాకు ముస్తాబు వద్దన్నా. సంచి అడుగున చెమ్మకి మెత్తబడ్డ కాయలున్నాయే, అవి కావాలి. ఇక్కడ బాగుందని నేను రాసిచ్చి, రేవులో సరుకు వెనక్కి కొడితే, అప్పుడు మీ ముస్తాబు ఎవడు చూస్తాడు?"

పెద్దాయన గొణుక్కుంటూ వెళ్ళి అడుగు కాయలు తెచ్చాడు. ఈ సంభాషణ ప్రతి సీజన్లోనూ, మనుషులు మారుతూ, మాటలు మారకుండా జరిగింది. ఆమెకు విసుగు వచ్చేది గానీ విడిచిపెట్టేవారు కాదు. నాకైతే విసుగే మిగిలింది.

దసరాకు మిషన్లకు ఆయుధపూజ చేస్తాం. ఒక ఏడు ఎవరో భక్తి పొంగి సూక్ష్మమైన తూకం పళ్ళెం మీదే కుంకుమ బొట్టు పెట్టేశారు. మర్నాడంతా తూకాలు తేడా. మేడం ఆ పళ్ళేన్ని తన చేతులతో తుడిచి, "అమ్మవారికి బొట్టు మిషను నుదుటిన పెట్టండర్రా, నేనే కొనిస్తాను కుంకుమ. నాలిక మీద పెడితే ఆవిడ మాత్రం నిజం ఎట్లా చెబుతుంది?" అన్నారు. ఆ తర్వాత ప్రతి దసరాకూ కుంకుమ పొట్లం ఆమే తెచ్చేవారు.

అన్నిటికన్నా మమ్మల్ని ఏడిపించినవి ఆమె 'దొంగ రైతులు'. అప్పుడప్పుడూ తానే బూజు కాయలు కలిపి సంచి తయారుచేసి, లేని రైతు పేరు రాసి, ఎవరిచేతనో కౌంటర్లో ఇప్పించేవారు. మామూలు మచ్చే అనుకుని మేం పరీక్షించేవాళ్ళం. విషం కనిపెట్టామా, సరే. లేదా, ఆ వారమంతా మాకు నరకమే. కొన్నాళ్ళకు శ్రీను ఒక కిటుకు పట్టాడు. నిజమైన రైతైతే "పాసయిందా అండీ?" అని రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు. దొంగ రైతు మాత్రం ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. ఈ మాట చెప్పినప్పుడు మేడం మురిసిపోయి వాడికి మిఠాయి తినిపించారు. ఆ తర్వాత నుంచి దొంగ రైతులు కూడా ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు! అది ఆమె భర్త కరీం గారి గొంతని చాలా కాలానికి గానీ మాకు తెలియలేదు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సు చివరి సీటుదాకా వినిపించే కంఠం. ఒక్కో రైతుకు ఒక్కో యాస కట్టేవారు.

ఇంతటి మనిషి ఆస్పత్రిలో చేరారో లేదో, సీజన్ రద్దీ అనే సాకుతో మా డైరెక్టరు గారు బోణీ ఎత్తేశారు. "పొద్దున్నే గంటసేపు పోతోందమ్మా. మిషను బాగానే ఉందిగా?" బాగానే ఉందని ఎట్లా తెలుసని అడిగాను. "బాగాలేదని నీకెట్లా తెలుసు?" అన్నారు. చదువుకున్న మనిషి, ఎదురుగా కూర్చుని, ఆ మాట అన్నారు! నేను అరిచాను. ఆయన చిరునవ్వు నవ్వారు. రాతపూర్వకంగా ఇచ్చాను, ఆ కాగితం ఆయన టేబుల్ మీద టీ గ్లాసు కింద కనిపించింది.

మేడం ఖననం జరిగిన మర్నాడు ల్యాబు హాల్లో సంతాప సభ పెట్టారు. నాణ్యతకు నిలువెత్తు రూపమన్నారు, ఆమె చూపిన బాటలోనే నడుస్తామన్నారు. పటానికి పూలదండ వేశారు. ఆ పక్క గదిలో, అదే నిమిషాన, బోణీ లేకుండానే మిషను గిరగిరా తిరుగుతోంది. ఇంత కడుపుమంట నాకు నా సొంత మనుషులు పోయినప్పుడు కూడా కలగలేదు.

ఆ వారంలోనే కౌంటర్ దగ్గర ఒక రిపోర్టు ఎవరూ తీసుకోకుండా పడి ఉండడం చూశాను. రైతు పేరు నాగేశ్వరరావు. ఫలితం: విషం లేదు. సీజన్ నడిమధ్యలో, మంచి రిపోర్టు వచ్చిన రైతు పరుగున రాకుండా ఉంటాడా? కనీసం ఫోనైనా చెయ్యలేదట. పాపం, ఏం కష్టం వచ్చిందోనని కాగితం మీదున్న నంబరుకు నేనే ఫోన్ చేశాను.

"నాగేశ్వరరావు గారాండీ? మిర్చి ల్యాబు నుంచి."

"ఆఁ, నేనేనండీ. చెప్పండి."

ఆ గొంతు నాకు తెలుసు. ఆయనా నా గొంతు గుర్తుపట్టారు. "శారదమ్మా, నువ్వా?" అన్నారు కరీం గారు. "అలవాటయిపోయింది తల్లీ, నోట్లోంచి వచ్చేసింది. ఆస్పత్రికి పోయే ముందు తనే సంచి కట్టింది. బూజు కాయలు బానే కలిపిందమ్మా. వాళ్ళు కనిపెట్టాక నాకు చెప్పు, ఆపరేషనప్పుడు ధైర్యంగా ఉంటుంది అంది. నేనే ఫోన్ చెయ్యాల్సింది. ఆస్పత్రి గొడవల్లో కుదరలా." తర్వాత మెల్లగా అడిగారు. "ఇంతకీ మీరు పాసయ్యారా అమ్మా?"

నా చేతిలో 'విషం లేదు' అన్న కాగితం ఉంది. మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే, ఎవరినీ అడక్కుండా, బోణీ చేశాను. తెలిసిన అంకెలో సగం కూడా మిషను చెప్పలేదు. ఇంజనీరును పిలిపించి బాగుచేయించి, దాచి ఉంచిన నాగేశ్వరరావు మచ్చును మళ్ళీ పెట్టాను. విషం ఉంది, దండిగా ఉంది. అంటే బోణీ మానేసిన నాటి నుంచి మేం ఇచ్చిన ప్రతి 'లేదు'కూ విలువ లేదన్నమాట. డైరెక్టరు గారికి చెప్పాను. "పోయిన మనిషి పెట్టిన పరీక్ష కోసం బతికున్న కస్టమర్లను పోగొట్టుకుంటామా?" అన్నారు.

నేను, శ్రీను కూర్చుని ఆ రైతులందరికీ ఫోన్లు చేశాం, కాయలు మళ్ళీ పరీక్షించాలని. "పాసన్నారుగా? మీది నోరా తాటిమట్టా?" అని ఒకాయన తిట్టాడు. కొందరు అప్పటికే సరుకు అమ్మేశారు, ఆ కాయలు ఎవరి కూరల్లోకి పోయాయో ఇక ఎవరూ చెప్పలేరు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. బోణీ మాత్రం రోజూ అవుతోంది, నేనున్నన్నాళ్ళూ అవుతుంది. ఆ మహామనీషికి నేను సమర్పించగలిగిన శ్రద్ధాంజలి ఇంతే.

విషం దొరికిన నాటి సాయంత్రమే కరీం గారికి మళ్ళీ ఫోన్ చేశాను. "మొదటిసారి మేం పట్టుకోలేకపోయాం సార్. మళ్ళీ చేశాం. కాయల్లో విషం ఉంది, దొరికింది" అన్నాను.

పల్లెటూరి యాస కట్టి, "అట్టాగా అండీ. అయితే ఆ కాయలు అమ్మనులెండి" అన్నారు నాగేశ్వరరావు గారు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఫోన్ రోజంతా మోగుతూనే ఉంటుంది. చేసేవాళ్ళందరూ నిజమైన రైతులే. మాకు దొంగ రైతును పంపేవాళ్ళు ఇక లేరు.