కంటికి కనిపించే దీర్ఘం

తెలుగు బడిలో పదో తరగతితో చదువు ఆపేసి, మత్తిగిరి దగ్గర మా గులాబీ తోట చూసుకునే మనిషిని నేను. మా పాప ఇంగ్లిష్ మీడియంలో రెండో తరగతి. ఇంగ్లిష్ మాటలు సరిగ్గా పలకాలని, తన నోటుబుక్కులో వాటి కింద పెన్సిల్‌తో తెలుగులో రాసిపెట్టేదాన్ని.

మొన్న తల్లిదండ్రుల మీటింగులో టీచరు ఆ నోటుబుక్కు పైకెత్తి చూపింది.

"ఎవరమ్మా ఈడ తెలుగు రాసింది? ఇట్లయితే పాప పలుకు చెడిపోతుంది. అంతా రబ్బరుతో తుడిచేయండి."

అందరూ నవ్వారు. పాప తల దించుకుంది. నా చెవులు వేడెక్కిపోయాయి. లేచి నిలబడ్డాను.

"నేనే రాసినాను మేడమ్. తప్పు యాడుందో చూపించండి."

"అయితే మీరే చదవండి" అంటూ ఆమె బోర్డు మీద బుక్, మూన్ అని ఇంగ్లిష్‌లో రాసింది. బోర్డు దగ్గరికి నడిచాను. బుక్‌ని పొట్టిగా, మూన్‌ని దీర్ఘంగా గట్టిగా చదివాను.

"రెండింట్లోనూ అవే రెండు 'ఓ'లు కదా మేడమ్. ఏది లాగి పలకాలో పాపకెట్ల తెలుస్తుంది? మా తెలుగులో అయితే దీర్ఘం కంటికి కనిపిస్తుంది."

ఆమె నోటుబుక్కంతా తిరగేసింది. ఒక్క తప్పూ దొరకలేదు.

ఇంటికి రాగానే పాప రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని పక్కన పడేసి, పెన్ను తీసుకున్నాను. పెన్సిల్‌తో రాసిన ప్రతి అక్షరం మీదా మళ్లీ దిద్దాను.