గిద్దెడు తక్కువ

నా చిన్నప్పుడు, ఫిల్మ్ నగర్‌లో మా పక్కింటి మామ్మగారు ఒక్క ఏడాదిలో పోగొట్టుకున్నవి ఇవి: స్టూడియోలో దుస్తులు కుట్టే భర్త, పొద్దున్నే ఆయన కోసం వచ్చే వ్యాను హారను, ఎడమ కంటి చూపు, మేడ మీద అద్దెకున్న కుటుంబం, చివరికి గుమ్మం దాటాలన్న ఆశ. నేను బడి నుంచి వచ్చేసరికీ పాల ప్యాకెట్టు ఆవిడ గేటుకే వేలాడుతుంటే, ఏమైందోనని గోడ మీంచి తొంగిచూసేదాన్ని.

పలకరించడానికి వెళ్తే ఆవిడ తలుపు తీసేది కాదు. జాలి పడితే గిట్టదు. ఒకరోజు అమ్మ నా చేతికి సోల ఇచ్చి, కందిపప్పు చేబదులు తెమ్మంది. మా డబ్బా నిండా పప్పుంది. ఆ మాటంటే, "నోరు మూసుకుని వెళ్ళు" అంది. అడగడానికి వచ్చినదాన్ని కాబట్టి తలుపు తెరుచుకుంది. మామ్మగారు సోల నింపి, అరచేత్తో చదును చేసి ఇచ్చింది.

నాలుగు రోజులకు అమ్మ తిరిగి పంపింది మూడు గిద్దలే. సోలకు నాలుగు గిద్దలని నాకు తెలుసు. తక్కువుందన్నాను.

"తక్కువే ఉండాలి. పూర్తిగా తీరిస్తే మళ్ళీ తలుపేసుకుంటుంది."

మామ్మగారు కొలిచి చూసింది. తలుపు మూసేసింది.

రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. ఉన్న ఒక్క దారీ మేమే మూసేశామని నాకు అన్నం సయించలేదు. మిగతా పప్పు ఇచ్చొస్తానని ఏడ్చాను. అమ్మ ఆగమందే గాని, వంట చేస్తూ తనూ మాటిమాటికీ కిటికీలోంచి అటే చూసింది.

మూడోనాడు మా గేటు చప్పుడైంది. మామ్మగారు! గోడ పట్టుకుని, రొప్పుతూ.

"ఏమ్మా, మీ గుంటూరులో సోలకు మూడు గిద్దలా?"

"మా లెక్కలంతే పిన్నిగారూ. కూర్చోండి, కాఫీ తాగి తిట్టండి."

ఆవిడ కూర్చుంది. "రేపట్నుంచి ఈ పిల్లని నా దగ్గరికి పంపు. లేకపోతే నీలాగే తయారవుతుంది."

నాకు లెక్కలు వచ్చింది ఆవిడ వంటింట్లోనే. బాకీ మాత్రం అమ్మ తీర్చలేదు. మామ్మగారు వచ్చి అడగడం మానలేదు.

ఇప్పుడు మా పై వాటాలో ఉద్యోగాల కుర్రాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర ఏదో ఒకటి అడిగి తెచ్చుకుంటాను, కొంచెం తగ్గించి ఇస్తాను. "ఆంటీ, మీ బాకీ!" అంటూ రెండు రోజులు ఎవరూ రాకపోతే నాకు దిగులే.

మామ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకు మేం ఇంకా ఇవ్వాల్సింది, గిద్దెడు కందిపప్పు.