సీరియస్‌గా ఉందని నేను చెప్పలేదు

నాకు తలపొగరు ఎక్కువని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అనేది. నేనెప్పుడూ కాదనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఈ ముప్ఫై ఏళ్ళలో మా సందులోకి ఎంతమంది టైలర్లు వచ్చారో, ఎంతమంది దుకాణం ఎత్తేశారో లెక్కలేదు. అందరికీ ఒకటే పాట వచ్చు: "అయిపోయిందమ్మా, హుక్కులు కుట్టుడే ఉంది, రేపు రాండ్రి." ఇంకా కత్తెరే పడని గుడ్డ గురించి చెప్పే మాట అది. నేను ఆ మాట ఒక్కనాడూ అనలేదు. కుట్టకపోతే కుట్టలేదంటాను, చెడగొడితే చెడగొట్టానంటాను. ఇష్టమున్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళు పక్క దుకాణానికి పోతారు.

మా టీచరమ్మ నాకు దొరికింది కూడా అట్లాగే. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా ఎదురింట్లో దిగిన కొత్త. ఇక్కడే ఒక స్కూల్లో చెప్పేది. చెల్లెలి పెళ్ళికని పట్టు జాకెట్టు గుడ్డ ఇచ్చింది. చేతులు కత్తిరించేటప్పుడు నా ధ్యాస ఎక్కడుందో, కొలత తప్పి పొట్టి చేశాను. ఆమె వచ్చి తొడుక్కుని చూసేదాకా ఆగలేదు, గడప ఎక్కుతుండగానే చెప్పేశాను.

"అమ్మా, నీ గుడ్డ నేను ఖరాబ్ చేసిన. తప్పు నాదే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, స్టూలు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. "ఈ ఊరొచ్చాక నిజం చెప్పిన టైలర్ని ఇప్పుడే చూస్తున్నానండీ," అంది. ఆ రోజు నుంచి మేం వదినలం. ఆమె నన్ను వదినా అంటుంది, నేను వదినె అంటాను.

మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో ఒక వానాకాలం సాయంత్రం ఆమె స్కూల్ నుంచి వస్తూ, తవ్విన గుంట పక్కన అరుస్తున్న కుక్కపిల్లను చీర కొంగులో చుట్టి తెచ్చింది. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మాత్రం నలుపు. వీధికుక్కే, జాతీ గీతీ ఏమీ లేదు. వాళ్ళు మాంసం ముట్టరు కాబట్టి వాడూ ముట్టలేదు. పొద్దున పెరుగన్నం, రాత్రి పెరుగన్నం, పండగనాడు నెయ్యి.

"కుక్క పుట్టుక పుట్టి పెరుగన్నమేంది వదినె? జూస్తే వీడు ఏకాదశికి ఉపాసం గూడ ఉండేటట్టున్నడు," అనేదాన్ని.

"వాడి కడుపు సున్నితం వదినా. నీ ప్రేమ కొంచెం అదుపులో పెట్టుకో," అనేది.

పదేళ్ళ క్రితం ఆమె తల్లి పోయింది. పొద్దున ఫోన్ చేసి చెప్పిన చుట్టం, "అమ్మకి సీరియస్‌గా ఉంది, వెంటనే బయలుదేరు" అన్నాడు. అది మా వైపూ వాళ్ళ వైపూ ఉన్న ఆచారమే. పోయారని ఎవరూ చెప్పరు, సీరియస్ అంటారు. దారిలో గుండె ఆగకుండా ఉండటానికి చేసే దయ అది. ఎల్‌బీ నగర్‌లో ఆమెను బస్సెక్కించింది నేనే, అసలు సంగతి అప్పటికి నాకూ తెలియదు. దారి పొడుగునా మొక్కులు మొక్కుకుంటూ పోయింది. అక్కడ దిగేసరికి వాకిట్లో షామియానా వేసి ఉంది. తల్లి ముందురోజు రాత్రే పోయింది.

పన్నెండో రోజు అయ్యాక తిరిగొచ్చి, నా మిషన్ పక్కన కూర్చుని ఆమె చెప్పిన మాట నేను మర్చిపోలేదు. "బస్సులో ఉన్నంతసేపూ అమ్మ బతికుందనుకుని మొక్కాను వదినా. అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నన్ను ఏడవాల్సిన టైములో ఏడవనివ్వలేదు. నువ్వు మాత్రం ఎప్పుడూ నాకలా చెయ్యకు." చెయ్యనన్నాను.

మొన్న ఆషాఢంలో కూతురి కాన్పుకని ఆమె విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. కొడుకు నగరానికి ఆ చివర ఉంటాడు, వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని రానివ్వరు. అయినా కొడుకు సంగతి ఆమె ఆలోచించను కూడా లేదు, వాణ్ణి తీసుకొచ్చి నా చేతిలో గొలుసు పెట్టింది. ఒక కాగితం కూడా ఇచ్చింది. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలి, ఎంతదూరం నడిపించాలి, అన్నీ టీచర్ల గుండ్రటి అక్షరాల్లో. ఆఖర్న, "మాంసం వద్దు, ముఖ్యంగా ఎముకలు వద్దు" అని రాసి కింద రెండు గీతలు.

పదిహేను రోజులు వాణ్ణి నేను చూసుకున్న తీరు చెప్పుకుంటే గొప్పలంటారు గాని, చెప్పుకుంటాను. మాత్ర ఒక్కపూట తప్పలేదు. వయసు మీద పడి మెట్లు ఎక్కలేకపోతుంటే మా ఆయన చేత ఎత్తించాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఆమె వీడియో కాల్ చేసేది, వాడు ఫోను నాకేవాడు, అటు పురిటింట్లో అందరూ నవ్వేవాళ్ళు. "మా వాడు నీ దగ్గర ఒళ్ళు చేశాడు వదినా," అంటే నాకు కడుపు నిండిపోయేది.

మా బస్తీ బోనాల ఆదివారం వచ్చింది. అమ్మవారికి బోనం ఎత్తి, ఇంటికొచ్చి మటన్ వండాను. నా చేతి కూర సంగతి సైదాబాద్ దాకా తెలుసు. వాడు వంటింటి గడప మీద తల పెట్టి నన్నే చూస్తున్నాడు. పదకొండేళ్ళ ముసలి ప్రాణం, ఇంట్లో ఇంత వాసన వస్తుంటే గిన్నెలో పెరుగన్నమా అనిపించింది. కాగితం గోడ మీదే ఉంది, కనిపిస్తూనే ఉంది. నా ఇంట్లో పండగపూట ఎవరూ ముఖం వేలాడేసుకోరని నా పొగరు. మూలుగున్న ఒక నల్లి ఎముక తీసి వాడి ముందు పెట్టాను.

సోమవారం పొద్దున్నుంచి వాడు కక్కడం మొదలుపెట్టాడు. నీళ్ళు కూడా ఆగలేదు. సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. "వాడేడీ?" అంది. "పండుగ చప్పుళ్ళకు అలిసి పండుకున్నడు వదినె, లేపద్దు," అన్నాను. అంత సులువుగా వచ్చింది నా నోటి వెంట. ఫోన్ పెట్టేసి మా ఆయన్ని కేకేశాను. వెంటనే ఆటోలో కుక్కల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఎముక ముక్క పేగులో గుచ్చుకుందని, ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకోవడం కష్టమని చెప్పి, రాత్రికి ఉంచుకున్నారు. మంగళవారం పదకొండు గంటలకు నేను తల నిమురుతుండగానే పోయాడు.

ఇంటికి తెచ్చి, నా దగ్గరున్న కొత్త తెల్ల మల్లు గుడ్డ పరిచి పడుకోబెట్టాను. పూడ్చడానికి ఎల్‌బీ నగర్ అవతల మా మరిది ప్లాటు ఉంది. మా ఆయన వెంటనే తీసుకుపోదామన్నాడు. ఆరింటిదాకా ఆగాలన్నాను.

"ఆగి ఏం జేస్తవు? ఇయ్యాల సీరియస్‌గ ఉందని చెప్పు. రెండు రోజులాగి, ముసలిదై పోయిందని చెప్పొచ్చు. పురిటింట్ల ఉన్నది, ఒక్కసారే చెప్తే ఎట్ల? బొక్క పెట్టిన ముచ్చట మనిద్దరికి తప్ప ఎవరికెరుక?" అన్నాడు.

ఆయన చెడ్డమాట చెప్పలేదు. నిజం చెప్పాలంటే అది నా మేలు కోరి చెప్పిన మాట. నేను మధ్యాహ్నమంతా ఆ మాటనే నమలుతూ కూర్చున్నాను. ముసలితనమంటే ఎవరు కాదంటారు? ఇరవై ఏళ్ళ స్నేహం నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. జాకెట్టు చెడగొట్టానని చెప్పడం వేరు, గుడ్డ ఇంకోటి దొరుకుతుంది. ఇది చెబితే ఆమె నా గడప తొక్కదని నాకు తెలుసు. భయమేసింది, చాలా భయమేసింది.

ఆరింటికి ఫోన్ మోగింది. నా ముఖం చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"వదినా, ఉన్నాడా?"

"లేడు వదినె. పొద్దున పదకొండింటికి పోయిండు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చూపించు," అంది. ఫోన్ వాడి వైపు తిప్పాను. ఎంతసేపు చూసిందో తెలియదు, నా చెయ్యి లాగేస్తున్నా దించలేదు. తర్వాత, "ఎలా పోయాడు?" అని అడిగింది. మా ఆయన ఆమెకు కనపడకుండా నిలబడి, వద్దని తల ఊపుతున్నాడు.

"ఐతారం పండుగకు నేను నల్లి బొక్క పెట్టిన. నువ్వు రాసిచ్చిన కాయితం జూసుకుంట పెట్టిన. గది పేగుల గుచ్చుకున్నది. ముసలితనం గాదు, నా చేతులతోని అయింది."

నేను అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేకపోయాను.

"నిన్న పండుకున్నడని జెప్పిన సూడు, గదిగూడ అబద్ధమే. అప్పటికే కక్కుతున్నడు."

ఎముక సంగతి విన్నప్పుడు ఆమె ముఖం ఏడుపుతో ఉంది. ఈ మాట విన్నాక ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. "నువ్వు కూడానా," అంది. ఫోన్ కట్ అయింది.

తర్వాత ఇరవై రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. మా ఆయన, "నిజం చెప్పి ఏం సాధించినవు?" అన్నాడొకరోజు. "నీకు తెల్వదు, ఊకో," అని కసిరాను గాని, నాకు మాత్రం తెలుసా? మిషన్ తొక్కుతూ ఏడ్చిన రోజులున్నాయి. అయినా ఒక్కటి, రాత్రి పడుకుంటే నిద్ర పట్టింది. సోమవారం రాత్రి పట్టలేదు.

ఆమె ఏ బస్సుకు వస్తుందో కొడుకుని అడిగి తెలుసుకుని, పిలవకపోయినా ఎల్‌బీ నగర్ పోయి నిలబడ్డాను. దిగింది. నన్ను చూసింది. పలకరించలేదు, వద్దనీ అనలేదు. ఒక సంచి నేనందుకున్నాను. మెట్రో ఎక్కి పక్కపక్కనే కూర్చున్నాం. మొదటి స్టేషన్ దాటాక, కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"ఇష్టంగా తిన్నాడా?"

"గంతిష్టంగ వాడు ఏదీ తినంగ నేను జూడలే."

రెండో స్టేషన్ వచ్చింది, పోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మెట్ల దగ్గరికి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"రొమ్ములో గడ్డ తగులుతోంది వదినా. పురిటింట్లో ఎవరికీ చెప్పలేదు. పరీక్షలకి మా అబ్బాయి తీసుకెళ్తాడు. కానీ వాడు నాకు నిజం చెప్పడు, ఏడుస్తాడు. రిపోర్టు రోజున నువ్వు లోపలికెళ్ళి విను. విన్నది విన్నట్టు నాకు చెప్పు. ఇక సోమవారాలు వద్దు."

"ఉండయి," అన్నాను.

గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు ఆమె బయట కుర్చీలోనే కూర్చుంది. లోపలికి నేనూ కొడుకూ వెళ్ళాం. డాక్టర్ చెప్పాల్సింది చెప్పాడు. అర్థంకాని చోటల్లా నేను మళ్ళీ అడిగాను. ఇవతలికి రాగానే కొడుకు నా దారికి అడ్డం నిలబడ్డాడు. ముప్ఫై దాటినవాడు, కళ్ళనిండా నీళ్ళు.

"అత్తయ్యా, ఇన్‌ఫెక్షన్ అని చెబుదాం. మందులు మొదలయ్యాక మెల్లగా చెప్పొచ్చు. ఒక్కసారిగా చెబితే అమ్మ తట్టుకోలేదు."

"నువ్వు మంచోడివి బిడ్డా. జర పక్కకు జరుగు," అన్నాను.

ఆమె నన్ను చూడగానే కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కూర్చోలేదు.

"క్యాన్సరే వదినె. పెద్దగ గాలేదు, షురూలనే దొరికింది. ఆపరేషన్ జెయ్యాలె, తర్వాత మందులుంటయి, జుట్టు పోతది. నయమయితదని డాక్టర్ చెప్పిండు. రెండుసార్లు అడిగిన, రెండుసార్లూ గదే చెప్పిండు."

కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అంత పరీక్షగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు, నేనూ కళ్ళు దించలేదు. నా జన్మలో నా మీద నాకు అంత గర్వం ఎన్నడూ కలగలేదు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, లేచి, కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"నయమవుతుందిరా," అంది. "ఆ ఆఖరి మాట నువ్వు చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు."